సెర్వెన్ రెండో ప్రతి

అక్టోబరు ఎనిమిదో తేదీ ఉదయం 1861 నాటి జననాల రిజిస్టరు తెరిచాను. ఒక పేజీ అంచున అన్సెల్మ్ చేతిరాత ఉంది. అతని అక్షరాల తోకలు గాలం కొక్కేల్లా పైకి వంగి ఉంటాయి. ఇరవై రెండేళ్లు అతనికి ఎదురు బల్ల దగ్గర కూర్చున్నవాణ్ణి, పొరబడే ప్రశ్నే లేదు. "1940 అక్టోబరు 7న సెర్వెన్‌లో, స్వగృహంలో మరణించెను." కింద సంతకం. తాకి చూస్తే వేలికి సిరా అంటుకుంది.

అన్సెల్మ్ సెర్వెన్‌లో ఉన్నాడు. సెర్వెన్ జర్మన్ల చేతిలో ఉంది. నేను సముద్రానికి ఇవతల, అల్జీరియాలో, తెనెస్ రేవులో ఉన్నాను. ఆ రిజిస్టరు రాత్రంతా నా బీరువాలోనే ఉంది. బీరువా తాళంచెవి నా కోటు జేబులో ఉంది.

జూన్‌లో జర్మన్లు పారిస్ దాటి వచ్చేస్తున్నప్పుడు మా ప్రభుత్వం లొంగిపోలేదు. మంత్రులు, నౌకాదళం, ఫైళ్లు, అన్నీ సముద్రం దాటి అల్జీర్స్ చేరాయి. ఇక్కణ్ణుంచే యుద్ధం సాగుతోంది. ఫ్రాన్సు ఓడిపోలేదు, ఓడెక్కిందంతే అని మావాళ్లు మొదటి నెలల్లో హాస్యమాడుకునేవాళ్లు. బ్రిటనీ తీరాన చిన్న జాలరి రేవు మా సెర్వెన్. అక్కడి నుంచి చివరి ఓడలో మూడు వందల నలభై మందిమి బయటపడ్డాం. అదే ఓడలో తొంభై ఆరు రిజిస్టర్లు నా పూచీ మీద ఎక్కించారు.

మా దగ్గర జననాలూ వివాహాలూ మరణాలూ రెండు ప్రతుల్లో రాస్తారు. ఒక ప్రతి మేయరు ఆఫీసులో ఉంటుంది, రెండోది జిల్లా కోర్టుకు వెళ్తుంది. కోర్టు ప్రతి నాతో వచ్చింది. ఆఫీసు ప్రతి అన్సెల్మ్ దగ్గర ఉండిపోయింది.

"నువ్వు కూడా రా," అన్నాను ఓడ గట్టు మీద.

"వస్తే ఇక్కడ పుట్టేవాళ్లని ఎవడు రాస్తాడు? చచ్చేవాళ్లని ఎవడు రాస్తాడు? జర్మనోడా?" అన్నాడు. "నువ్వెళ్లు మాత్యురేన్. రెండో ప్రతి జాగ్రత్త. తడవనీకు."

మా ఊళ్లో మరో అలవాటు ఉంది. మనిషి పోతే మరణాల రిజిస్టరులో ఎలాగూ రాస్తాం. దానితో పాటు అతని జనన పేజీ తీసి, దాని అంచున కూడా రాస్తాం. చట్టం అడగలేదు. సముద్రం మీదికి వెళ్లి శవమై కూడా తిరిగిరాని వాళ్లు ఎక్కువైన ఊరు మాది. ఆ మనిషి పుట్టుకా చావూ ఒక్క కాగితం మీదైనా కలవాలని పూర్వం పెద్దలు కోరుకున్నారు. నా భార్య నోల్వెన్ పేజీ అంచున కూడా అలాగే ఉంది. నాలుగేళ్ల క్రితం ఆమె పోయాక నేను ఆఫీసుకు వెళ్లిన మొదటి ఉదయానికే అన్సెల్మ్ ఆ వాక్యం రాసేసి, రిజిస్టరు మూసి లోపల పెట్టేశాడు. నా చేత రాయించలేదు. నేను అతనికి ఆ విషయమై ఎన్నడూ థ్యాంక్స్ చెప్పలేదు. అతను ఎదురుచూడనూ లేదు.

తెనెస్ మేయరు ఆఫీసు వెనక గదిలో నాకు ఒక బల్ల, ఒక బీరువా ఇచ్చారు. అక్కడి బంట్రోతు నా వయసు వాడే. అందరూ గౌరవంగా సి లార్బీ అంటారు. మొదట వాసన పట్టింది అతనే.

"ముస్యే తలెక్, మీ పుస్తకాలు చెమ్మ కంపు కొడుతున్నాయి. ఇక్కడ వేసవి మొదలు ఒక్క చుక్క పడలేదు. ఈ చెమ్మ ఎక్కడిదంటారు?"

నేను ముక్కు దగ్గరికి తీసుకుని చూశాను. నాచు, తారు, తడి బొగ్గు పొగ. సెర్వెన్ పొగమంచు వాసన అది. పేజీ మీద అరచెయ్యి పెడితే చల్లగా తగిలింది. ఎవరికైనా చెప్పకపోతే పిచ్చెక్కేలా ఉంది. అతనికి చూపించాను.

సి లార్బీ ఆ వాక్యం రెండుసార్లు చదివాడు.

"దేశం పోతే ఏం మిగులుతుందా అనుకునేవాణ్ణి ముస్యే," అన్నాడు. "గుమస్తాలు మిగులుతారన్నమాట. మా తాతల దేశం మీవాళ్లు ఎత్తుకున్నప్పుడు మాకు ఆ మాత్రం కూడా మిగల్చలేదు."

నేను తలవంచుకున్నాను. అతను పుదీనా టీ తెచ్చి నా ముందు పెట్టాడు.

ఆ తర్వాత రాతలు వస్తూనే ఉన్నాయి. ఉదయం తొమ్మిదికి ముందు ఒక్కటీ రాదు. పన్నెండు నుంచి రెండు దాకా రాదు. అది అన్సెల్మ్ భోజనం వేళ. ఆదివారం అసలే రాదు. ఏ సంపుటం నుంచి చెమ్మ వాసన వస్తుందో దాన్ని తీసి తిరగేస్తే తడి సిరా కనిపించేది. అద్దుడు కాగితంతో అద్దేవాణ్ణి. ఆ కాగితం మీద మావాళ్ల చావులు తిరగబడి అంటుకునేవి. పై ఆఫీసుకు ఉత్తరం రాశాను. సరైన ఫారం జతచేయనందున సదరు నమోదులను గుర్తించలేమని జవాబు వచ్చింది.

చేపలు డబ్బాల్లో నింపే ఫ్యాక్టరీ వెనక చెక్క గదుల్లో మావాళ్ల శిబిరం. కబురు తెలిసిందని మాత్రం చెప్పేవాణ్ణి, ఎలా తెలిసిందో చెప్పేవాణ్ణి కాదు. 'స్వగృహంలో' అని ఉంటే ఆ మాట తప్పకుండా చెప్పేవాణ్ణి. తన మంచం మీద పోయిందమ్మా మీ అత్తగారు అంటే ఆ కోడళ్ల మొహాల్లో ఏదో సర్దుకునేది. కానీ నవంబరు వచ్చేసరికి నన్ను చూడగానే తలుపులు మూసుకోవడం మొదలైంది. "తలెక్ వస్తున్నాడే, లోపలికి రా!" అని ఒకావిడ కూతుర్ని కేకేయడం విన్నాను. నేను రొట్టె కొనుక్కోవడానికి వెళ్తున్నాను, అంతే.

నవంబరులోనే నీలం పెన్సిలు మొదలైంది. బతికి ఉన్నవాళ్ల పేజీల మీద, పేరు పక్కన, చిన్న నీలం గీత. అది అన్సెల్మ్ చెయ్యి కాదు. అతను నీలం పెన్సిలు ముట్టుకోగా నేను చూడలేదు. నొక్కి గీసిన గీత, కాగితం వెనక్కి గాడి పడేంత. అక్కడ, అన్సెల్మ్ పక్కన నిలబడి, మరెవరో మా పుస్తకాలు తిరగేస్తున్నారు.

డిసెంబరులో ఒక గురువారం పదకొండు పేజీల మీద ఒకే వాక్యం వచ్చింది: "సెర్వెన్ రాతి గని వద్ద, ఉదయం ఆరు గంటలకు మరణించెను." పదకొండు మందికీ ముందే నీలం గీత ఉంది. మధ్యాహ్నం రెండు దాటాక ఆ గీతలన్నిటి మీదా అడ్డంగా మరో నీలం గీత పడింది. పని అయిపోయిందన్నట్టు. అన్సెల్మ్ ఆ పదకొండు వాక్యాలనూ దేనికది పూర్తిగా, తొందరపడకుండా రాశాడు. ఏ ఒక్కరికీ 'పై విధముగానే' అని రాయలేదు. ఒక్క చోట మాత్రం సంవత్సరం రాయడం మరిచాడు. నా చెయ్యి అలవాటు కొద్దీ కలం తీసుకుని '1940' అని చేర్చింది. వెంటనే దాని కింద, చీమంత అక్షరాలతో, తడిగా, "సరి" అని తేలింది.

కలం కింద పెట్టేశాను. ఇటు రాసింది అటు కూడా కనిపిస్తుందన్నమాట. అన్సెల్మ్‌కి చెప్పవలసినవి ఎన్నో ఉన్నాయి. కానీ ఆ గదిలో నీలం పెన్సిలు కూడా ఉంది. మళ్లీ ఆ పేజీల్లో నేను ఒక్క చుక్క పెట్టలేదు.

ఈ సంగతి నాకూ సి లార్బీకీ కాక మరొక్కరికే తెలుసు. ఆవిడ అర్మెల్ లెహీర్. ఊళ్లో వలలు బాగుచేసేది, ఇక్కడ ఫ్యాక్టరీలో కవళ్ల చేపలకు ఉప్పు పెడుతుంది. ఆమె పెద్దమ్మ పోయిన కబురు చెప్పినప్పుడు, "ఏదీ, ఎక్కడ రాసుంది?" అని నేరుగా ఆఫీసుకు వచ్చి, ఆరని సిరా చూసి, వేలు గౌనుకు తుడుచుకుని, "ఈ కోడికెలుకుడు రాత అన్సెల్మ్‌దే," అంది. ఎలా అని అడగలేదు. సముద్రం మీద భర్తనీ అన్ననీ పోగొట్టుకున్న మనిషి; ఎలా అని అడగడం ఎప్పుడో మానేసింది.

ఆమెకు మిగిలింది ఒక్క కొడుకు, గెనోలె. పందొమ్మిదేళ్లు. చివరి ఓడ కదలాలంటే గట్టు మీద తాళ్లు విప్పేవాడు ఒకడు కావాలి. విప్పినవాడు వాడు. ఓడ కదిలింది, వాడు గట్టు మీద ఉండిపోయాడు.

జనవరి ఇరవయ్యిన వాడి పేజీ మీద నీలం గీత పడింది. ఏం చేశాడో తెలియదు. పెట్రోలు పీపాలు తగలబెట్టాడో, తంతి తీగ కోశాడో. అంచు మాత్రం ఖాళీగా ఉంది. అంటే వెతుకుతున్నారు, ఇంకా దొరకలేదు. ఆ రోజు నుంచి మదాం లెహీర్ పనిదినాల్లో పదకొండింటికల్లా ఉప్పు చేతులతో వచ్చేది.

"చూపించండి."

1921 సంపుటం తెరిచేవాణ్ణి. ఖాళీ అంచు వంక ఆమె చూసేది. తర్వాత, "బావుంది," అని వెళ్లిపోయేది. మా ఇద్దరికీ అదే ప్రార్థన.

ఫిబ్రవరి పదకొండు, మంగళవారం. ఆమె బల్ల మీదికి వంగి ఉండగానే ఆ ఖాళీలో మొదటి అక్షరం పుట్టింది. ఎవరూ పట్టుకోని కలం రాస్తున్నట్టు, తడి గీత నెమ్మదిగా సాగింది. నేను పేజీ మూయబోయాను.

"చెయ్యి తియ్యండి," అంది.

ఇద్దరం చూస్తూ ఉండిపోయాం. ఒక్కో అక్షరం, ఒక్కో కొక్కెం తోక. "1941 ఫిబ్రవరి 10న సెర్వెన్, ఉప్పు వీధి 9వ నంబరు స్వగృహంలో మరణించెను."

అక్కడ ఆగిపోయింది.

ఆమె ఏడవలేదు. కుర్చీ కోసం చెయ్యి వెనక్కి చాపింది. సి లార్బీ కుర్చీ జరిపాడు. గదిలో మా ఊరి చెమ్మ వాసన దట్టంగా నిండింది. ఆమె పెదవులు కదులుతున్నాయి. ఆ వాక్యాన్ని మళ్లీ చదువుకుంటోంది. ఉన్నట్టుండి ఆమె నవ్వింది.

"ఉప్పు వీధి తొమ్మిదో నంబరా?"

"అవునమ్మా."

"ఏ మంచం మీద పోయాడంట? జూన్‌లోనే బాంబు పడి మా ఇల్లు గుంటైపోయింది కదా ముస్యే! అన్సెల్మ్ వచ్చి ఆ గుంటలోంచి నా కుట్టుమిషను తవ్వి తీశాడు. వాడికి తెలీదా?"

వాక్యం వంక మళ్లీ చూశాను. అన్సెల్మ్‌కి తెలుసు. ఊళ్లో అందరికీ తెలుసు. పరాయివాళ్లకే ఏ నంబరు ఇల్లు ఎక్కడ ఉండేదో తెలియదు. అతను అబద్ధం రాశాడు. సెర్వెన్‌వాళ్లు చదివితే మాత్రం అబద్ధమని తెలిసేలా రాశాడు. గెనోలె బతికే ఉన్నాడు. కాగితం మీద చనిపోతే వెతకడం మానేస్తారని ఈ పని చేశాడు.

"సంతకం ఏదీ?" అంది ఆమె.

లేదు. వాక్యం కింద తెల్లగా ఉంది. సంతకం లేని నమోదు నమోదే కాదు. అది ఏ గుమస్తాకైనా తెలుసు. నీలం పెన్సిలువాడికి ఇంకా బాగా తెలుసు. పన్నెండు వరకు చూశాం. భోజనం వేళ దాటాక రెండు నుంచి ఐదు వరకు చూశాం. ఆమె ఫ్యాక్టరీకి వెళ్లలేదు. సంతకం రాలేదు.

"ఆ ముసలాడికి చెయ్యి పడిపోయిందా?" అంది మర్నాడు పొద్దున్నే వచ్చి. "అబద్ధం రాయగలిగినవాడు సంతకం పెట్టలేడా?"

ఎందుకు పెట్టలేడో నాకు తెలుసు. ఆమెకు చెప్పక తప్పలేదు.

1917లో సైన్యం నుంచి పెరెక్ అనే అతని మరణవార్త వచ్చింది. ఊళ్లో ఆ పేరుతో అన్నదమ్ముల పిల్లలు ఇద్దరున్నారు. అన్సెల్మ్ పొరపాటున బతికున్నవాడి పేజీ అంచున రాసి సంతకం పెట్టాడు. ఆ పెరెక్ సెలవు మీద వచ్చి, తన చావు తానే చదువుకుని, పడీపడీ నవ్వి అన్సెల్మ్‌కి మందు పోయించాడు. మూడు వారాలకు రేవులో మునిగి చనిపోయాడు. పోటు తీసేసిన వేళ, మోకాటిలోతు నీళ్లలో. ఆ తర్వాత అన్సెల్మ్ ఏ మరణం కిందైనా సంతకం పెట్టే ముందు పేరు మూడుసార్లు పైకి చదివేవాడు. నేను సంతకం పెట్టిందే జరుగుతుందిరా మాత్యురేన్ అని ఒక్కసారే నాతో అన్నాడు.

"ఆ పెరెక్ తాగుబోతు వెధవేనా?" అంది మదాం లెహీర్. "వాడు సంతకంతో చచ్చాడా, సారాతో చచ్చాడా?"

"ఏమో అమ్మా. ఇంతకు ముందైతే నవ్వేవాణ్ణి. ఈ పుస్తకాలు ఇలా రాసుకోవడం మొదలయ్యాక, ఏది కాగితమో ఏది నిజమో నాకే తెలియడం లేదు."

ఆమె తన చేతుల వైపు చూసుకుంది. ఉప్పుకు వేళ్లు పగిలి ఉన్నాయి.

"నీలం పెన్సిలువాడు రోజూ తిరగేస్తాడా?"

"రెండు మూడు రోజులకోసారి. సంతకం లేని వాక్యం వాడి కంట పడితే అన్సెల్మ్‌నీ వదలడు, మీవాణ్ణీ వదలడు."

"అయితే మీరు పెట్టండి."

"నేనా?"

"అన్సెల్మ్ సంతకం మీకు రాదా? ఇరవై ఏళ్లు ఎదురుగా కూర్చుని ఏం చూశారు, గోడలా?"

"ముప్పై ఏళ్ల ఉద్యోగంలో నేను ఒక్క అబద్ధపు అక్షరం..."

"మీ ముప్పై ఏళ్లు తీసుకెళ్లి ఆ సముద్రంలో పారేయండి ముస్యే. వాడికి పందొమ్మిది."

సి లార్బీ తలుపు దగ్గర నిలబడి గుమ్మం వైపు తిరిగాడు, ఎవరూ లోపలికి రాకుండా.

నేను ఇంకొకటి చెప్పవలసి వచ్చింది. మనిషి కాగితం మీద ఒక్కసారే చనిపోతాడు. సంతకం పడితే ఈ అంచు నిండిపోతుంది. తర్వాత గెనోలెకి నిజంగా ఏం జరిగినా ఈ పేజీ ఇక చెప్పదు. బతికున్నాడనీ చెప్పదు, పోయాడనీ చెప్పదు.

"అంటే రేపటి నుంచి పదకొండింటికి నేను ఎక్కడికి వెళ్లాలి?" అంది.

నేను సిరాబుడ్డి దగ్గరికి జరుపుకున్నాను.

"సరే. పెట్టండి. పెట్టే ముందు ఒక్క నిమిషం ఆగండి." ఆ ఖాళీ తెలుపు మీద ఆమె అరచెయ్యి ఆనించింది. "చల్లగా ఉంది. అక్కడ మంచు పడుతున్నట్టుంది. వాడికి దుప్పటి ఉందో లేదో." చెయ్యి తీసేసింది. "ఊఁ."

కలం ముంచాను. మొదటి రెండు గీతలు నేనే గీశాను, ప్రమాణం చేసి చెప్పగలను. మూడో గీత దగ్గర కాగితం అడుగు నుంచి ఎవరో తమ వేలిని నా కలం ములికికి ఆనించి పట్టుకున్నట్టనిపించింది. ఆపడానికో, తోడు రావడానికో తెలియలేదు. చివరి తోక కొక్కెంలా పైకి వంగింది. అలా వంచడం నాకు ఎప్పుడూ చేతకాదు.

శుక్రవారం మధ్యాహ్నం గెనోలె పేరు పక్కనున్న నీలం గీత మీద అడ్డంగా మరో నీలం గీత పడింది. నొక్కి, గాడి పడేలా.

మదాం లెహీర్ నల్ల శాలువా కప్పుకుంది. శిబిరంలో సగంమందికి అటువైపు చుట్టాలున్నారు, ఏ మాట ఏ దారిన పోతుందో చెప్పలేం. ఆడవాళ్లు వచ్చి ఆమె చుట్టూ కూర్చున్నారు. చర్చిలో పూజ చేయించారు. ఆమె అందరి ముందూ ఏడ్చింది. ఎంత బాగా ఏడ్చిందంటే, సంగతి తెలిసిన నాకే అది నటనలా అనిపించలేదు. శవం దొరకని వాళ్లకి మా దగ్గర మైనంతో జానెడు శిలువ చేసి, దాన్నే మనిషనుకుని జాగారం చేసి, సమాధి చేస్తారు. ఒకావిడ కొవ్వొత్తులు కరిగించి శిలువ చేసి తెచ్చింది. అక్కడ మాత్రం మదాం లెహీర్ ఏడుపు ఆపింది.

"అది వద్దు. తీసుకుపో."

"అదేంటే అర్మెల్, మీ ఆయనకి చెయ్యలేదూ, మీ అన్నకి చెయ్యలేదూ?"

"తీసుకుపొమ్మన్నానా లేదా!"

సోమవారం, ఫిబ్రవరి పదిహేడు. ఉదయం పదిన్నరకు బీరువాలో చెమ్మ వాసన వచ్చింది. 1883 సంపుటం. అది నేను పుట్టిన సంవత్సరం. తెరవకముందే ఎందుకో తెలిసిపోయింది. నా పేరు పక్కన, నా తల్లిదండ్రుల పేర్ల పక్కన, అంచునే రాసిన నా పెళ్లి నమోదు కింద, తడిగా: "1940 జూన్ 18న సముద్రంపై మరణించెను." కింద సంతకం. వణుకు లేదు. పూర్తి పేరు, అందమైన తోక.

సి లార్బీ నా భుజం మీదుగా చదివాడు.

"ఇప్పుడు నేను మీకు టీ పోయాలా, పోయినవాళ్ల కోసం ఫాతిహా చదవాలా?" అన్నాడు. గొంతు మాత్రం నవ్వలేదు.

తన సంతకం తాను పెట్టకుండానే తేలడం చూసి అన్సెల్మ్‌కి అర్థమై ఉంటుంది. అలాంటి సంతకం చేయగలవాడు లోకంలో ఒక్కడే. రేపు నీలం పెన్సిలువాడికి అనుమానం వస్తే ఆ ఒక్కడి కోసం అడుగుతాడు. చనిపోయినవాడి కోసం ఎవరూ అడగరు. అంతవరకు నాకు అర్థమైంది. కానీ ఇరవై మూడేళ్లుగా సంతకానికి భయపడ్డ మనిషి, బతికున్న స్నేహితుడి చావు కింద చెయ్యి వణకకుండా ఎలా పెట్టాడో అర్థం కాలేదు.

మదాం లెహీర్‌కి మాత్రం అందులో ఇంకొకటి కనిపించింది. పదకొండింటికి వచ్చింది, ఎక్కడికి వెళ్లాలో తెలియక అలవాటు కొద్దీ వచ్చిందట. పేజీ చూసింది, నన్ను చూసింది.

"మీకూ సంతకం పడింది. మావాడికీ పడింది," అంది నెమ్మదిగా. "మీరు కళ్లెదుట ఉన్నారు. మీకేమీ కాకపోతే వాడికీ ఏమీ కానట్టేగా?"

"అది తర్కం కాదమ్మా."

"మీ తర్కం ఎవడిక్కావాలి? మీరు కావాలి. పెరెక్‌కి మూడు వారాలు పట్టింది. మీకు నెల పెడదాం. ముందు ఆ మఫ్లరు చుట్టుకోండి. ఆ కిటికీ మూయండి. రేవు వైపు వెళ్లారంటే కాళ్లు విరగ్గొడతా."

అలా మొదలైంది. ఆమె రోజూ పదకొండింటికి వస్తుంది. పుస్తకం తెరవమనదు. నా ఎదురుగా నిలబడి, ఖాళీ అంచుని చూసినట్టే నన్ను చూస్తుంది. నాలుక చాపమంటుంది. రాత్రి నిద్ర పట్టిందా అంటుంది. నోల్వెన్ పోయాక నాలుగేళ్లుగా ఎవరూ నన్ను ఆ ప్రశ్న అడగలేదు. నేను మెట్లు దిగుతుంటే సి లార్బీ ముందు నడుస్తాడు, కారణమేదీ చెప్పకుండా.

ఒక విషయం మాత్రం ఆమెకు చెప్పలేదు. మార్చి మొదటి వారం నుంచి బీరువాలో చెమ్మ వాసన తగ్గింది. ఇప్పుడది నా కోటులోంచి వస్తోంది. కోటు ఎండలో ఆరేసి చూశాను. వేరే కోటు తొడుక్కున్నాను. నాచు, తారు, తడి బొగ్గు పొగ. సి లార్బీకి తెలిసిపోయింది. అతని ముక్కు ముందే పట్టేస్తుంది. గదిలో సాంబ్రాణి వెలిగించడం మొదలుపెట్టాడు. దోమలకని ఆమెకు చెప్పాడు.

ఇవాళ ఇరవై మూడో రోజు. పెరెక్ గడువు దాటాను. పొద్దుటి నుంచి కాస్త దగ్గుగా ఉంది. పదకొండు కొట్టేసరికి గొంతు సవరించుకుని, బుగ్గలు రుద్దుకుని, నిటారుగా కూర్చున్నాను. ఆమె మూతపెట్టిన గిన్నెతో వచ్చింది. గిన్నె బల్ల మీద పెట్టి, అరచెయ్యి నా నుదుటి మీద ఆనించింది. చాలాసేపు తియ్యలేదు.

"చల్లగా ఉన్నారు," అంది.

"ఫిబ్రవరి కదమ్మా."

"మార్చి ముస్యే. మార్చి వచ్చి పన్నెండు రోజులైంది."

నా వైపు చూసింది. మూత తీసింది. చేపల పులుసు, దుంపలు వేసి వేడివేడిగా. చెంచా నా చేతిలో పెట్టి ఎదురు కుర్చీలో కూర్చుంది.

"నా ముందే తినండి. మొత్తం."

నాకు రుచి తెలియలేదు. అయినా మొదటి చెంచా మింగి, "ఉప్పు సరిపోయింది," అన్నాను. ఆమె బిగిసిన భుజాలు కొంచెం వదులయ్యాయి. రెండో చెంచా తీసుకున్నాను.